ప్రెషర్ 13, కర్వేచర్ 38.50: లేజర్ వెనక దాక్కున్న నీటికాసులు, ఒక కేసు

తూర్పు బెంగళూరులో మారతహళ్ళి దాటాక ఉన్న ఒక చిన్న కంటి క్లినిక్‌లో నేను ఆప్టోమెట్రిస్టుని. పవర్ చూడటం, కంటి ప్రెషర్ కొలవటం, చుట్టూ చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్, కంటి లోపలి పొరల మందం చూపించే ఓసీటీ స్కాన్ నా పనులు. మందులు, లేజర్లు, ఆపరేషన్ల నిర్ణయాలు మా డాక్టర్ మేడమ్‌వి. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్, ముప్పై నుంచి నలభై అయిదు మధ్య వయసు. అద్దాల కోసం వస్తారు, అరగంటలో వెళ్ళిపోవాలంటారు. ఆ అరగంటలోనే నాలుగేళ్ళ కిందట నీటికాసుల (గ్లకోమా) విషయం ఒకటి జారవిడిచాను. చాలావరకు కంటి ప్రెషర్ వల్ల చూపు నరం మెల్లగా దెబ్బతినే జబ్బు అది. రెండేళ్ళకి అదే మనిషి మళ్ళీ వచ్చినప్పుడు దొరికింది. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

వచ్చిన మనిషి, చెప్పిన బాధ

వయసు 38. సొంతూరు రాయలసీమ. అమెరికా క్లయింటు కాబట్టి రాత్రి కాల్స్ ఎక్కువ. "సాయంత్రానికి కళ్ళు లాగుతున్నాయి సర్, రాత్రి బండి నడుపుతుంటే లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి" అన్నాడు. షుగరు లేదు, బీపీ లేదు. ఫారంలో "కంటి ఆపరేషన్లు ఏమైనా" అన్న చోట "లేదు" అని రాశాడు.

ఆటోరిఫ్రాక్టర్ (పవర్ కొలిచే మెషీన్) చీటీ ప్రకారం రెండు కళ్ళకీ మైనస్ అరకి కాస్త అటూఇటూ. గాలి కొట్టి చూసే మెషీన్‌లో ప్రెషర్ రెండు పక్కలా 13. ఈ అంకెలు చూస్తే ఎవరైనా చిన్న పవర్ రాసి, స్క్రీన్ ముందు రెప్ప కొడుతూ ఉండమని చెప్పి పంపుతారు. అంతకు రెండేళ్ళ ముందు నేను చేసింది సరిగ్గా అదే.

ఈసారి చీటీ ముందుగా పట్టుకున్నది మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయి. "సార్, ఈ కె రీడింగ్ ఏంటి ఇంత తక్కువుంది?" అని అడిగింది. చీటీలో పవర్ కింద ఇంకో రెండు వరసలుంటాయి. కార్నియా (కంటి ముందుండే గాజులాంటి పొర) ఎంత వంపు తిరిగి ఉందో చెప్పే కెరటోమెట్రీ అంకెలు అవి. కాంటాక్ట్ లెన్స్ పెట్టేటప్పుడో, శుక్లం ఆపరేషన్‌కి లెన్స్ లెక్క కట్టేటప్పుడో తప్ప వాటివైపు చూసే అలవాటు మాకు తక్కువ. మామూలు కళ్ళలో ఆ అంకె 43, 44 డయాప్టర్ల దగ్గర ఉంటుంది. ఈయనకి కుడికంట 38.75, ఎడమకంట 38.50. పాత ఫైలు తీయించాను. మొదటిసారి వచ్చినప్పటి చీటీ థర్మల్ కాగితం కాబట్టి గోధుమరంగుకి తిరిగి అక్షరాలు వెలిసిపోయాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే 38 అన్న అంకె కనిపించింది. పక్కనే ప్రెషర్ 12 అని నా చేతిరాత, దాని కింద నా సంతకం.

ఆ అంకె దగ్గర ఎందుకు ఆగాలి

మెషీన్ ముందుగా కొలిచేది కార్నియా వంపు వ్యాసార్ధాన్ని. 337.5 ని ఆ మిల్లీమీటర్లతో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. మామూలు కంటికి 7.8 మి.మీ. అయితే, 38.50 అంటే దాదాపు 8.77. అంటే కార్నియా బాగా చదునుగా ఉంది. పుట్టుకతో అంత చదును ఉండటం చాలా అరుదు. అంత చదునైన కార్నియాకి వెలుతురుని వంచే శక్తి తక్కువ కాబట్టి, కంటిగుడ్డు పొడవు మామూలుగా ఉండి ఉంటే ఈయనకి పెద్ద ప్లస్ పవర్ రావాలి. వచ్చింది మైనస్ అర. అంటే గుడ్డు పొడవుగా ఉంది. పొడవైన గుడ్డు, చదును చేసిన కార్నియా, సున్నాకి దగ్గరగా పవర్: ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే.

"చిన్నప్పుడు అద్దాలుండేవా?"

"ఉండేవి సర్. మైనస్ ఎనిమిది. సీసా అడుగుల్లాంటి అద్దాలు. ఉద్యోగంలో చేరాక లేజర్ చేయించుకున్నా."

"మరి ఆపరేషన్ లేదని రాశారే?"

"లేజరేగా సర్, అది ఆపరేషన్ కిందికి వస్తుందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. పావుగంటలో అయిపోయి, కట్టు కూడా లేకుండా నడిచి ఇంటికొచ్చినదాన్ని ఆయన ఆపరేషన్‌గా లెక్క వేయలేదు, అంతే. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) వెలుతురుని పక్కకి తిప్పి, సన్నగా చేసి చూస్తే కార్నియా అంచుకి లోపలగా వెంట్రుకంత బూడిదరంగు గీత గుండ్రంగా తిరిగి, పైవైపు ఆగిపోయింది. ఆయన చేయించుకున్న లేజర్, అంటే లేసిక్‌లో పొరని పైకెత్తి మళ్ళీ పరిచిన అంచు అది. ఎదురు వెలుతురులో అది కనిపించదు. మొదటిసారి నేను ఎదురు వెలుతురులోనే చూసి ఉంటాను.

వలయాల సంగతి విడిగా ఆలోచించాల్సి వచ్చింది. పెద్ద పవర్‌కి లేసిక్ చేయించుకున్నవాళ్ళకి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు మామూలే. కానీ కంటి కోణం, అంటే లోపలి నీరు బయటికిపోయే చోటు, మూసుకుపోయే రకం నీటికాసుల్లోనూ అవే వలయాలు వస్తాయి. మేడమ్ గోనియోస్కోపీ (అద్దం పెట్టి ఆ కోణాన్ని చూసే పరీక్ష) చేసి, కోణాలు నాలుగువైపులా తెరుచుకునే ఉన్నాయని తేల్చారు. వలయాలు లేసిక్ తాలూకువి. ఆయన్ని మా దగ్గరికి నడిపించిన లక్షణానికీ, మేం కనిపెట్టబోయే జబ్బుకీ సంబంధమే లేదు. మొదటి దశ గ్లకోమా ఏ బాధా పెట్టదు, అందుకే అది వేరే పని మీద వచ్చినప్పుడే దొరుకుతుంది. చెన్నై గ్లకోమా స్టడీలో బయటపడిన కేసుల్లో 90 శాతానికి పైగా అంతకుముందు ఎవరూ గుర్తించనివే.

13 అనే అంకెని ఎందుకు నమ్మకూడదు

కంటి ప్రెషర్‌ని మనం లోపలికి వెళ్ళి కొలవం. కార్నియాని బయటినుంచి నొక్కి, ఎంత బలానికి అది చదునవుతుందో చూస్తాం. 1950లలో గోల్డ్‌మన్ తయారుచేసిన టోనోమీటర్ (ప్రెషర్ కొలిచే మెషీన్) 3.06 మి.మీ. వ్యాసం మేర కార్నియాని చదును చేస్తుంది. ఆ కొలత ఊరికే పెట్టింది కాదు. మామూలు మందం ఉన్న కార్నియాలో, అది వంగకుండా ఎదురుతిరిగే బలమూ, కన్నీటి పొర లోపలికి లాగే బలమూ దాదాపు సరిసమానమై కొట్టుకుపోయేది ఆ వ్యాసం దగ్గర. మందం 500 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుందన్న ఊహ మీద ఆ లెక్క నిలబడుతుంది. కార్నియా పలచనైతే నొక్కడం సులువు, అంకె తక్కువ వస్తుంది. చదునుగా ఉన్నదాన్ని ఇంకాస్త చదును చేయడం కూడా సులువే, అప్పుడూ అంకె తక్కువే. బాగా వంపు తిరిగిన కార్నియాకి దీనికి ఉల్టా. వంపు ఒక్కదాని ప్రభావం మాత్రం చిన్నదే. మూడు డయాప్టర్ల తేడాకి ప్రెషర్‌లో ఒక పాయింటు అటూఇటూ అని మేం చదువుకున్న లెక్క. లేసిక్‌లో ఇబ్బంది ఎక్కడంటే, చదును చేయడం, పలచన చేయడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పైపొర కోయడంవల్ల కార్నియా పట్టు కూడా సడలుతుంది.

అల్ట్రాసౌండ్ పాకీమీటర్‌తో మందం కొలిస్తే కుడి 441, ఎడమ 436 మైక్రాన్లు. గోల్డ్‌మన్‌తో ప్రెషర్ 12, 13. ఈ ప్రెషర్ ఎంత ఆరోగ్యంగా కనిపించినా, కింద ఏముందో ఆ అంకె చెప్పదు. కాబట్టి నరాన్ని చూడాలి.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి మేడమ్ చూశారు. ఎడమకంటి ఆప్టిక్ నరంలో గుంట పెద్దది, కింది అంచులో పొర ఒకచోట నొక్కుకుపోయినట్టు సన్నబడింది. కుడివైపు గుంట పెద్దదే గానీ అంచు చెక్కుచెదరలేదు. అయితే పెద్ద మైనస్ ఉన్న కళ్ళలో నరం వాలి, సాగి, రకరకాలుగా ఉంటుంది. అలాంటి నరాన్ని చూసి గ్లకోమా అని గానీ కాదని గానీ తేల్చడం అనుభవమున్న డాక్టర్లకీ కష్టమే. ఆయన్ని అడిగితే అప్పుడు చెప్పాడు: నాన్నకి చివరి రోజుల్లో ఒక కన్ను పూర్తిగా పోయింది. "శుక్లం ముదిరిపోయిందని చెప్పారు సర్. ఏవో చుక్కలు మాత్రం రోజూ వేసుకునేవాడు." శుక్లానికి రోజూ చుక్కలు వేసుకుంటూ పోవడం ఉండదు. ఆ చుక్కలు దేనికో మాకు అర్థమైంది. ఆయనకి అప్పుడే మొదటిసారి అర్థమైంది. కాసేపు మాట్లాడలేదు.

చేసి చూసినవి, పని చేయనివి

మొదట నేను చేసింది దిద్దుబాటు లెక్క. మందం ఇంత తక్కువుంటే ప్రెషర్‌కి ఇంత కలపాలి అని చెప్పే పట్టికలు మా గోడ మీద కూడా అంటించి ఉన్నాయి. ఒక పట్టిక ప్రకారం ఎడమకంటి ప్రెషర్ 18, ఇంకో దాని ప్రకారం 21. వంపు కూడా కలిపి లెక్కేసే సూత్రంతో ఇంకొక అంకె. ఏది నిజం? మేడమ్ ఆ కాగితాన్ని పక్కన పెట్టించారు. ఆ పట్టికలు చేయి పడని కార్నియాలని చూసి తయారుచేసినవి, కోసి చెక్కిన కార్నియాకి అవి వర్తించవు, ఫైల్లో "సరిచేసిన ప్రెషర్ 21" అని రాస్తే రేపు చూసే డాక్టరు దాన్ని కొలిచిన అంకె అనుకుంటారు అన్నారు. అప్పటినుంచి మేం కొలిచింది కొలిచినట్టే రాసి, పక్కన "లేసిక్ కన్ను, తక్కువ చూపిస్తుంది" అని ఎర్ర సిరాతో రాస్తున్నాం.

తర్వాత ఓసీటీ. నరాల పొర మందంలో ఎడమకంటికి కిందివైపు ఎరుపు, కుడికంటికి కిందివైపు పసుపు వచ్చాయి. ఎరుపు రాగానే జబ్బు అనుకోవడానికి వీల్లేదు. మెషీన్ పోల్చేది మామూలు కళ్ళ సగటుతో. గుడ్డు పొడవైతే స్కాన్ గీసే వలయం నరానికి ఇంకాస్త దూరంగా పడి, పొర ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. పైగా పెద్ద మైనస్ కళ్ళలో నరాల కట్టలు చెవివైపు జరిగి ఉంటాయి, దాంతో ఆరోగ్యమైన చోట కూడా ఎరుపు పడుతుంది. మామూలుగా అయితే పవర్ చూసి ఈ జాగ్రత్త తీసుకుంటాం. లేసిక్ తర్వాత పవర్ మైనస్ అరే కాబట్టి కాగితం మీద ఇది మామూలు కన్ను. గుడ్డు పొడవు కొలిస్తే రెండూ 26 మి.మీ. దాటాయి. పవర్ చెరిగిపోయినా పొడవు చెరగలేదు.

ఫీల్డ్ టెస్ట్ మొదటిసారి వృథా అయింది. రాత్రంతా కాల్‌లో ఉండి పొద్దున్నే వచ్చాడు. చూపు మధ్యచుక్క మీద నిలవలేదు, మధ్యలో కునుకు తీసినట్టు ఫలితంలోనే తెలిసిపోతోంది. దాన్ని చించేసి శనివారం, సెలవురోజు, నిద్రపోయి రమ్మన్నాం.

ఒక పెద్దాసుపత్రికి పంపి, కార్నియా ప్రభావాన్ని కొంత తీసేసి ప్రెషర్ చెప్పే మెషీన్ మీద కూడా చూపించాం. ఎడమకంట 20 దాకా వచ్చింది. మా అనుమానానికి అది బలమిచ్చింది. అయినా అదొక్కటే చూసి మందు మొదలుపెట్టడానికి మేడమ్ ఒప్పుకోలేదు.

ముడి ఎక్కడ విప్పుకుంది

మూడు వేర్వేరు చోట్ల దొరికిన సాక్ష్యం ఒకే చోటుని చూపించాక.

రెండు కళ్ళ పొడవూ దాదాపు ఒకటే కాబట్టి, పొడవు వల్ల వచ్చే మోసం రెండింటికీ ఒకేలా ఉండాలి. కానీ ఎడమకంటికి కిందివైపు మాత్రమే పొర బాగా తక్కువ. మాక్యులా (రెటీనా మధ్యభాగం) దగ్గర, నరాల దారాలు మొదలయ్యే గ్యాంగ్లియన్ కణాల పొర పటంలో ఎడమకంటి కింది సగం పలచబడి, మధ్య అడ్డగీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సాగిన కన్నువల్ల వచ్చే పలచదనం అలా గీత గీసుకుని ఆగదు. నరాల దారాలు ఆ గీతకి పైన ఒక దారిలో, కింద ఒక దారిలో వెళ్తాయి కాబట్టి, ఒక సగమే పోయిందంటే దెబ్బ నరం దగ్గర తగిలినట్టు. శనివారం ఫీల్డ్ టెస్ట్‌లో ఎడమకంటికి పైభాగంలో, ముక్కువైపు మెట్టులాగా కొంత చూపు తగ్గింది. కింది పొర పోతే పైచూపు పోవాలి, అలాగే ఉంది. మూడు వారాల తర్వాత మళ్ళీ చేస్తే అదే చోట, అదే ఆకారం.

ఇక పాత కాగితాలు. లేజర్ చేసిన ఆసుపత్రిలో ఇప్పుడు ఆ రికార్డులు లేవన్నారు. ఆయన ఊరికి ఫోన్ చేస్తే, వాళ్ళమ్మగారు బీరువాలో పట్టుచీరల కింద ఆ ఫైలు దాచి ఉంచారు. పండక్కి వస్తూ తనే పట్టుకొచ్చారు. ప్లాస్టిక్ కవరు మీద పసుపు బొట్టు ఇంకా ఉంది.

"అదేం ఆపరేషనా నాయనా, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చినాడు. అయినా కాగితాలు పారేస్తే ఎట్లని పెట్టినా" అన్నారు.

ఆ ఫైల్లో మాకు కావలసినవన్నీ ఉన్నాయి. లేజర్‌కి ముందు కె రీడింగ్ 44.50, మందం ఎడమకంట 532, గోల్డ్‌మన్ ప్రెషర్ కుడి 19, ఎడమ 20. అంటే ఇరవై అయిదేళ్ళ వయసులోనే ప్రెషర్ పైహద్దుకి దగ్గర్లో ఉంది, లేజర్ తర్వాత అదే ప్రెషర్ కాగితం మీద 13గా మారిపోయింది. ఇప్పటి 13, అప్పటి 20 ఒకటే అయి ఉండొచ్చు, పెరిగి కూడా ఉండొచ్చు. ఏ పట్టికా చెప్పలేనిది ఆయన సొంత పాత అంకె చెప్పింది.

మేడమ్ మొదటి దశ ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కోణం తెరుచుకునే ఉన్న రకం) అని నిర్ధారించి రాత్రిపూట వేసుకునే లాటానోప్రోస్ట్ చుక్కలు రాశారు. ఇక్కడ ఒక నిర్ణయం గురించి చెప్పాలి. ప్రెషర్ 30 శాతం తగ్గించాలనుకుంటే, దేంట్లో 30 శాతం? ఊహించిన 20లోనా, కొలిచిన 13లోనా? ఊహించిన దాంతో మొదలుపెడితే 14 చాలనిపిస్తుంది, కొలిస్తే మొదటిరోజే 13 ఉంది కదా, మందే అక్కర్లేదన్నట్టు అవుతుంది. అందుకని కొలిచిన అంకెనే పట్టుకుని, ఎప్పుడూ అదే గోల్డ్‌మన్ మెషీన్‌తో, వీలైనంతవరకు అదే వేళకి చూసి, 9, 10 దగ్గర ఉంచాలని నిర్ణయించారు. తప్పు చూపించే తక్కెడైనా ఎప్పుడూ ఒకేలా తప్పు చూపిస్తే బరువు తగ్గిందో లేదో తెలుస్తుంది.

చుక్కల మందు గురించి ఒక మాట. సీసా తెరవకముందు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎండాకాలంలో ఊరికి వెళ్తూ మూడు కొత్త సీసాలు కారు డాష్‌బోర్డులో పెట్టుకుని వెళ్ళాడు. వచ్చాక చూస్తే ప్రెషర్ 13కి ఎక్కింది. మందు పనిచేయడం మానేసిందా అని కంగారుపడి మార్చబోయే ముందు, సీసా ఎక్కడ పెట్టావని అడిగాం. కొత్త సీసాతో మళ్ళీ 10కి దిగింది.

జల్లెడగా వాడబోయి

ఈ కేసు తర్వాత నాకు ఉత్సాహం ఎక్కువైంది. మా దగ్గర్లోని అపార్ట్‌మెంట్లలో ఉగాదికి తెలుగువాళ్ళ కోసం కంటి శిబిరం పెట్టినప్పుడు, కె రీడింగ్ 41కి తక్కువ, 47కి ఎక్కువ ఉన్నవాళ్ళందరినీ గ్లకోమా అనుమానంగా పక్కకి తీశాను. ఆటోరిఫ్రాక్టర్ ఎలాగూ ఆ అంకె ఇస్తుంది, ఖర్చు లేదు, రెండు నిమిషాల పని అనుకున్నాను. పక్కకి తీసినవాళ్ళలో లేసిక్ చేయించుకున్నవాళ్ళు తేలారు, కార్నియా కోన్‌లా పొడుచుకొస్తున్న ఒక కుర్రవాడు తేలాడు. గ్లకోమా ఒక్కరికీ లేదు. అదే శిబిరంలో, నాలుగేళ్ళుగా గ్లకోమాకి చుక్కలు వేసుకుంటున్న ఒక పెద్దాయన 43.50తో నా జల్లెడలోంచి దర్జాగా కిందికి జారిపోయారు.

అంతకంటే దగ్గరి ఉదాహరణ ఆ ఫైలు తెచ్చిన అమ్మగారే. కొడుకు చెకప్ అయ్యేదాకా కూర్చుని ఉంటే, మీకూ ఒకసారి చూస్తానమ్మా అన్నాను. కె రీడింగ్ 44, అచ్చం పుస్తకంలో ఉన్నట్టు. ప్రెషర్ 17. స్లిట్ ల్యాంప్ సన్నటి గీతని కార్నియా అంచున పెట్టి చూస్తే, కార్నియాకీ నల్లగుడ్డుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ నూలుపోగంత కూడా లేదు. గోనియోస్కోపీలో కోణం చాలాచోట్ల మూసుకుంది. నీరు పారడానికి ఆమెకి రెండు కళ్ళ నల్లగుడ్డు పొరలో లేజర్‌తో చిన్న రంధ్రాలు చేశారు. కొడుకు జబ్బు వేరు, తల్లి జబ్బు వేరు. కొడుకు విషయంలో వంపు అంకె దారి చూపించింది. తల్లి విషయంలో దాన్ని నమ్ముకుని ఉంటే ఏమీ లేదని పంపేసేవాణ్ణి.

ఇప్పుడు మా క్లినిక్‌లో కె రీడింగ్‌ని గ్లకోమా పరీక్షగా ఎవరూ చూడరు. ప్రెషర్ అంకెని నమ్మాలా వద్దా అని నిర్ణయించడానికి చూస్తాం. 41కి తక్కువుంటే ఆ ప్రెషర్ పక్కన ఎర్ర సిరా పడుతుంది, మందం కొలుస్తాం, వెలుతురు పక్కకి తిప్పి లేసిక్ గీత వెతుకుతాం, నరం చూడకుండా పంపం. అడ్డంగా, నిలువుగా వంపుల్లో మూడు డయాప్టర్లు దాటి తేడా ఉంటే గోల్డ్‌మన్ ప్రిజంని ఆ యాక్సిస్‌కి తిప్పి కొలుస్తాం. చీటీ వెలిసిపోతుంది కాబట్టి అంకెలన్నీ చేత్తో ఫైల్లో ఎక్కిస్తాం. 35 దాటిన ప్రతివాళ్ళ నరమూ, వంపు ఎంతున్నా సరే, ఒకసారి చూస్తాం. ఫారంలో "కంటి ఆపరేషన్లు ఏమైనా" అన్న ప్రశ్న కొట్టేసి, "చిన్నప్పుడు అద్దాలుండేవా? ఎప్పుడు మానేశారు, ఎలా మానేశారు?" అని రాయించాం. కింద "ఇంట్లో ఎవరైనా రోజూ కంట్లో చుక్కలు వేసుకునేవాళ్ళా?" అని ఇంకోటి. ఇంగ్లిష్‌లో, తెలుగులో, కన్నడలో.

మొన్నటి చూపుకి ఆయనకి రెండేళ్ళు నిండాయి. ప్రెషర్ 10, 10. ఎడమకంటి ఫీల్డ్‌లో ఆ మెట్టు పెరగలేదు, ఓసీటీలో పొర ఇంకా తగ్గలేదు. ఆయన అన్న హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయన కూడా లేసిక్ చేయించుకున్నాడట. ఇంకా చూపించుకోలేదు. వాళ్ళమ్మగారు సంక్రాంతికి ఆయన్ని ఇటే తీసుకొస్తానన్నారు, ఆయన ఫైలు కూడా ఆ బీరువాలోనే ఉందట.